పట్టాల వెంట మనవాళ్ళు – 9: పనికీ ఊరికీ ఒక్కడే దొర

1927 పేరెత్తితే చరిత్ర పుస్తకాలకు సైమన్ కమిషన్ గుర్తొస్తుంది. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాను నమ్ముకున్న గంజాం, విశాఖపట్నం జిల్లాల కుటుంబాలకు మాత్రం అది రెండుసార్లు పొయ్యిలో పిల్లి లేవని సంవత్సరం. ఫిబ్రవరిలో కార్మికులే పని ఆపారు. సెప్టెంబరులో కంపెనీయే గేట్లకు తాళాలు వేసింది. ఈ రెండు గొడవల మధ్య, వాళ్ళ తరపున మాట్లాడే బరంపురం వకీలు ఒకాయన ఓడెక్కి జెనీవా వెళ్ళి, అంతర్జాతీయ కార్మిక మహాసభలో భారత కార్మికుల ప్రతినిధిగా కూర్చుని వచ్చారు. ఆయనే వరాహగిరి వేంకటగిరి. అప్పటికి ఆయన వయసు ముప్ఫై మూడు దాటలేదు. తర్వాత రాష్ట్రపతిగా ఆయన అడుగుపెట్టబోయే రాష్ట్రపతి భవన్ ఇంకా కట్టడంలోనే ఉంది.

వాల్తేరు వైపు నుంచి మనవాళ్ళు ఖరగ్‌పూర్ ఎలా చేరారో గత భాగంలో చూశాం. తూర్పు తీరం వెంట 1890ల్లో వేసిన లైనులో ఉత్తరపు సగం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) చేతికి వచ్చింది. దాంతో విజయనగరం, చీపురుపల్లి, పలాస, బరంపురం ఒకే కంపెనీ పట్టాల మీద ఖరగ్‌పూర్‌తో ముడిపడ్డాయి. కరువుకీ అప్పుకీ తాళలేక పొట్ట చేతపట్టుకుని బయల్దేరినవాడికి రంగూన్ ఓడ ఒక దారి, బి.ఎన్.ఆర్. బండి ఇంకో దారి. రంగూన్ వెళ్ళినవాళ్ళ కథ వేరు. బండెక్కినవాళ్ళు ఖలాసీలయ్యారు, బొగ్గు పోశారు, గ్యాంగుల్లో పట్టాలు మోశారు. వాళ్ళ కొడుకులు ఫిట్టర్లు, టర్నర్లు, బాయిలర్ మిస్త్రీలయ్యారు. ధోనీ టిక్కెట్లు తనిఖీ చేసిన స్టేషన్‌గానో, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఉన్న చోటుగానో ఖరగ్‌పూర్ తెలిసినవాళ్ళు, ఆ ప్లాట్‌ఫారానికి ఆవలి కార్ఖానాను కూడా ఒకసారి తలుచుకోవాలి. ఊరు పుట్టింది దాని కోసమే.

కంపెనీ కట్టిన ఊరు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. దాని బోర్డు లండన్లో. ఇక్కడి పెద్దను ఏజెంట్ అనేవారు. ఆయన కచేరీ కలకత్తా గార్డెన్‌రీచ్‌లో హుగ్లీ ఒడ్డున. లైను ఆస్తి మాత్రం సర్కారుది. ఒప్పందం ప్రకారం కంపెనీ నడుపుతుంది, లాభానికి సర్కారు పూచీ. ఈ అమరిక ఎందుకు చెబుతున్నానంటే, కార్మికుల గోడు ఎక్కడికీ చేరకుండా ఇరుక్కుపోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. ఏజెంటును అడిగితే రైల్వే బోర్డు ఒప్పుకోవాలంటాడు. ఢిల్లీ శాసనసభలో సభ్యులు నిలదీస్తే, అది కంపెనీ నడిపే లైను, రోజువారీ వ్యవహారం ఏజెంటుదే అని సర్కారు తప్పుకుంటుంది. ఖలాసీ అర్జీకి ఈ చివర గార్డెన్‌రీచ్, ఆ చివర లండన్, నడుమ ఢిల్లీ.

కాసాయి నదికి ఇవతల, మేదినీపూర్ పట్నానికి ఎదురుగా, ఎర్రమట్టి మెట్టనేలను చూసి కంపెనీ తన కూడలినీ కార్ఖానానూ పెట్టింది. కలకత్తా, నాగ్‌పూర్, మద్రాసు దిక్కుల లైన్లు కలిసే చోటు అది. అడవీ పొదలూ కొట్టి సెటిల్‌మెంట్ వేసింది. దొరల బంగళాలు ఒక పక్క, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల, ఫోర్‌మన్ల ఇళ్ళు వాటి తర్వాత, మనవాళ్ళ వరస గదులు ఇంకా అవతల. ఇంటి కొలత చూసి జీతం గ్రేడు చెప్పేయవచ్చు. నీళ్ళు కంపెనీవి, దీపాలు కంపెనీవి, ఆసుపత్రి కంపెనీది, బజారు వెలిసిన స్థలమూ కంపెనీదే. చెత్త ఎత్తేదీ వాళ్ళే, కాలువ తీసేదీ వాళ్ళే.

ఖరగ్‌పూర్‌కు పురపాలక సంఘం 1954లో వచ్చింది. వచ్చినా, రైల్వే కాలనీలు దాని వార్డుల్లో చేరడానికి 2010 ఎన్నికల దాకా ఆగాల్సి వచ్చింది. మథురాకాటిలోనో నీంపురాలోనో పుట్టి, పెరిగి, రిటైరైన మనిషి తన వీధి కుళాయి గురించి నిలదీయడానికి ఒక కౌన్సిలర్ లేకుండానే బతుకు వెళ్ళదీశాడన్నమాట. పార్లమెంటుకు ఓటు ఉంది, అసెంబ్లీకి ఓటు ఉంది, వీధికి లేదు. కుళాయి రాకపోయినా, కప్పు కారినా, కాలువ పొంగినా చెప్పుకోవలసింది జీతం ఇచ్చే ఆఫీసులోనే.

నగర ప్రభుత్వంతో ఉద్యోగ సంఘాలు ఉమ్మడి బేరం ఆడే పద్ధతికి న్యూయార్క్‌ను పాఠంగా చెబుతుంటారు. 1958లో మేయర్ రాబర్ట్ వాగ్నర్ ఒక ఉత్తర్వు ఇచ్చాకే అక్కడి నగర ఉద్యోగులకు ఎదురుగా కూర్చుని ఒప్పందం రాసుకునే హక్కు దక్కింది. చెత్త ఎత్తేవాళ్ళ సంఘమో, ఆసుపత్రి సిబ్బంది సంఘమో మేయర్ మనుషులతో మాట్లాడి, ఇన్నేళ్ళకు ఇంత అని సంతకాలు చేసుకుంటారు. బేరం చెడితే పౌరులకు కష్టం. ఆ పౌరులకు ఓటుంది, మేయర్‌కు ఆ భయం ఉంది. ఖరగ్‌పూర్లో వ్యవహారం తల్లకిందులు. అక్కడ నగరం యజమాని అయితే, ఇక్కడ యజమానే నగరమయ్యాడు. ఏజెంటుకు ఓట్ల భయం లేదు. సమ్మెలోకి దిగినవాడికి ఒక్క జీతమే కాదు, ఇల్లూ, నీరూ, మందూ, పిల్లాడి బడీ అన్నీ ఒకేసారి ప్రమాదంలో పడతాయి. ఇంత ఊడ్చుకుపోయే ఆటలోకి వేలమంది ఎందుకు దిగారు అన్నది ఈ భాగం అడిగే ప్రశ్న.

ఫిబ్రవరి, తుపాకులు

ఫిబ్రవరి సమ్మె నాటికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇండియన్ లేబర్ యూనియన్ కొత్త సంఘమేమీ కాదు. గిరి దానికి పెద్ద దిక్కు. ఖరగ్‌పూర్లో దాని పని భుజాన వేసుకున్నవాళ్ళలో డబ్ల్యూ.వి.ఆర్. నాయుడు పేరు ఆనాటి వ్యవహారాల్లో తరచూ వినిపిస్తుంది. కోరికలు కూడా కొత్తవి కావు: జీతాలు పెంచాలి, పని ఇప్పించడానికీ నిలబెట్టడానికీ పైవాళ్ళు గుంజే లంచాలు ఆగాలి, అదే పనికి తెల్లవాడికో జీతం నల్లవాడికో జీతం అన్న తేడా పోవాలి, యూనియన్ మనుషుల మీద కక్ష సాధించకూడదు. ఈ చివరిదే అసలు పీటముడి. జీతం సంగతి మాట్లాడాలంటే ముందు మాట్లాడే మనిషి ఉద్యోగంలో మిగలాలి కదా.

చట్టం ఏ స్థితిలో ఉందో చూడండి. ట్రేడ్ యూనియన్ల చట్టం 1926లో ఆమోదం పొందింది కానీ అమల్లోకి వచ్చింది 1927 జూన్ 1న. అంటే ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ సమ్మె జరిగినప్పుడు యూనియన్ నాయకుడికి చట్టం గొడుగు లేదు. అంతకు ఆరేడేళ్ళ ముందే మద్రాసు బకింగ్‌హాం మిల్లు గొడవలో, కార్మికుల్ని పని మానమని ప్రోత్సహించినందుకు కార్మిక నాయకుడు బి.పి. వాడియా మీద కంపెనీ హైకోర్టుకెక్కి నిషేధపు ఉత్తర్వు తెచ్చుకుంది. ఆ దెబ్బ తిన్నాకే ఈ చట్టం కావాలన్న పట్టుదల పెరిగింది. గిరి వకీలు కాబట్టి తానెంత బోసి నేల మీద నిలబడ్డారో ఆయనకు బాగా తెలుసు.

ఆయన ఆ నేల మీద నిలబడడం వెనక ఐర్లండ్ ఉంది. 1913లో బారిస్టరు చదువుకని డబ్లిన్ వెళ్ళారు. అదే ఏడాది ఆగస్టులో అక్కడి యజమానులు యూనియన్లో చేరినవాళ్ళను పనిలోకి రానివ్వమంటూ వేలమందిని గేటు బయట నిలబెట్టారు. 1914 జనవరి దాకా సాగిన ఆ లాకౌట్ డబ్లిన్ పేదల్ని నకనకలాడించింది. ఆ పోరులో ముందున్న జేమ్స్ కానొలీ, 1916 ఈస్టర్ తిరుగుబాటులో పట్టుబడి, మరణశిక్ష పడి తుపాకీ గుండ్లకు బలయ్యాడు. ఆ తిరుగుబాటు తర్వాత గిరికీ దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. బరంపురం తిరిగొచ్చి, తండ్రి జోగయ్య పంతులు గారి లాగే వకీలు వృత్తి పట్టారు. సహాయ నిరాకరణలో సారా దుకాణాల ముందు పికెటింగ్ చేసి జైలుకు వెళ్ళారు. తర్వాత ఆయన చూపు బి.ఎన్.ఆర్. పట్టాల మీద పడింది. బరంపురం ఆ లైను మీదే ఉంది. ఆయన రైల్వే ఉద్యోగి కారు. అదే ఆయన బలం. ఉద్యోగి అయితే ఒక్క కాగితం ముక్కతో ఊరు దాటించేవారు, బయటి వకీలును ఏజెంటు ఏం చేస్తాడు? 1926 చట్టం కూడా యూనియన్ కార్యవర్గంలో సగం మంది దాకా బయటివాళ్ళు ఉండవచ్చని ఒప్పుకుంది. బయటి నాయకత్వాన్ని ఎగతాళి చేసేవాళ్ళు ఆ సగం ఎందుకొచ్చిందో ఖరగ్‌పూర్‌కు వెళ్ళి చూడాలి.

ఫిబ్రవరి సమ్మె కార్ఖానా గోడల్లో ఆగలేదు, లైను వెంట పాకింది. స్టేషన్లో బళ్ళు కదలకుండా జనం చేరారు. అప్పుడు దిగింది ఆగ్జిలరీ ఫోర్స్. ఇది పోలీసూ కాదు, పటాలమూ కాదు. యూరోపియన్లూ ఆంగ్లో ఇండియన్లూ ఉండే అదనపు సేన. రైల్వేలో పనిచేసే ఆంగ్లో ఇండియన్‌కు అందులో చేరడం ఉద్యోగంతో వచ్చే షరతు లాంటిది. నిన్న షాపులో హాజరు పట్టీ పట్టుకుని పేర్లు పిలిచినవాడే ఇవాళ ఖాకీ తొడుక్కుని తుపాకీతో ఎదురు నిలిచాడు. ఖరగ్‌పూర్ స్టేషన్లో సమ్మెదారుల మీద కాల్పులు జరిగాయి. ఢిల్లీ శాసనసభలో గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం తన మనుషులను వెనకేసుకొచ్చింది.

మామూలు ఊళ్ళో యజమాని వేరు, పోలీసు వేరు. యజమాని పోలీసును పిలిపించుకుంటాడు, అంతే. ఇక్కడ పైవాడే తుపాకీవాడు. నా దృష్టిలో ఖరగ్‌పూర్ పోరులో జాతి తేడా అంత పదునుగా పైకి రావడానికి ఇదొక కారణం. జీతాల పట్టికలో ఉన్న రంగు తేడా ఆ రోజు ప్లాట్‌ఫారం మీద కంటికి కనబడింది.

సమ్మె దాదాపు నెల్లాళ్ళు నడిచి మార్చిలో ఆగింది.

సెప్టెంబరు, తాళాలు

రెండో గొడవకు మూలం ఒక నివేదికలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రైల్వేల ఖర్చు తగ్గించాలన్న పట్టు పెరిగింది. ఇంచ్‌కేప్ కమిటీ 1923లో పొదుపు మంత్రం చదివింది. తర్వాత కార్ఖానాల లెక్క తేల్చడానికి సర్ విన్సెంట్ రేవెన్ నాయకత్వంలో ఇంకో కమిటీ వేశారు. రేవెన్ ఇంగ్లండులో నార్త్ ఈస్టర్న్ రైల్వేకు చీఫ్ మెకానికల్ ఇంజనీరుగా చేసినవాడు, ఇంజన్ల విషయంలో ఆరితేరినవాడు. ఒక్కో ఇంజను మరమ్మతుకు ఎంతమంది, ఎన్ని రోజులు అని లెక్క కట్టి, పద్ధతి మారిస్తే ఇంతమంది అక్కర్లేదన్నాడు. ఆ లెక్కలో ఇంజనీరుగా తప్పు ఉండకపోవచ్చు. ఆ ‘ఇంతమంది’ ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఆ లెక్కలో లేదు.

ఖరగ్‌పూర్ కార్ఖానాలో వెయ్యి మందికి పైగా మనుషులను తీసేయాలని కంపెనీ నిర్ణయించింది. రిట్రెంచ్‌మెంట్ అన్న మాట అప్పటి నుంచి రైల్వే తెలుగు ఇళ్ళలో అచ్చంగా అలాగే నిలిచిపోయింది. పని పోవడం అంటే క్వార్టరు ఖాళీ చేయడం. ఫిట్టర్ పనికి ఆ చుట్టుపక్కల రెండో గిరాకీదారు లేడు. వడ్రంగి ఐతే ఇంకో వీధిలో పని వెతుక్కుంటాడు, బాయిలర్ మిస్త్రీ ఎవరి ఇంట బాయిలర్ బాగుచేస్తాడు? అందుకే ఈ పోరుకు కారణం జీతం పెంపు కాదు. పక్కవాణ్ణి తీసేస్తే మనం చూస్తూ ఊరుకోవాలా అన్నది. తమ పేరు జాబితాలో లేని వేలమంది, జాబితాలో ఉన్నవాళ్ళ కోసం నిలబడ్డారు. సెప్టెంబరులో కంపెనీ కార్ఖానాకు తాళం వేసింది. మళ్ళీ గేట్లు తెరుచుకుని పని మొదలైంది డిసెంబరులో.

దాదాపు మూడు నెలలు. దసరా, దీపావళి అందులోనే పోయాయి. రైల్వే కార్మికుల అప్పుల గురించి, కర్ర చేతపట్టుకుని జీతం రోజున గేటు దగ్గర నిలబడే కాబూలీ వడ్డీ వ్యాపారుల గురించి రాయల్ లేబర్ కమిషన్ తర్వాత ప్రత్యేకంగా రాసింది. జీతం రోజే లేని మూడు నెలల్లో ఆ వడ్డీ ఎంత పెరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఊళ్ళో ఇంత చెక్క భూమి ఉన్నవాడికి వరికోతల కాలం ఆసరా. ఏమీ లేనివాడికి గోల్‌బజార్ శెట్టి దగ్గర ఖాతా, ఆ శెట్టి ఓపిక.

యూనియన్‌కు జూన్‌లో చట్టం వచ్చింది కదా, దానివల్ల ఏం ఒరిగింది? వాడియాకు జరిగినట్టు కోర్టుకు లాగే భయం తగ్గింది. అంతకుమించి ఏమీ లేదు. ఆ చట్టం ప్రకారం యూనియన్ రిజిస్టరు చేసుకోవచ్చు. యజమాని దాన్ని గుర్తించి తీరాలని, ఎదురుగా కూర్చుని మాట్లాడి తీరాలని అందులో ఎక్కడా లేదు. ఏజెంటు తలచుకుంటే ఉత్తరం అందుకోకపోవచ్చు, అందుకుని జవాబివ్వకపోవచ్చు. ఖరగ్‌పూర్లో మూడు నెలల పోరు ఆఖరుకి కుర్చీ కోసం జరిగిన పోరు అని నా అభిప్రాయం. గిరి జీవితం రాసినవాళ్ళంతా దీన్ని గెలుపుగా, అహింసా పోరాటానికి మచ్చుతునకగా రాశారు. కమ్యూనిస్టులకు ఆయన రాజీ పడే మనిషిగానే కనిపించారు, ఆ మాట దాచుకోనూ లేదు. తీసేయాలనుకున్న మనుషుల లెక్కనుబట్టి చూస్తే గెలుపూ ఓటమీ చెరి కొంత. కానీ ఆ తర్వాత యూనియన్ అనేది లేనట్టు నటించడం గార్డెన్‌రీచ్‌కు కష్టమైంది. వేలమంది మూడు నెలలు గేటు బయట నిలబడినా చీలిపోకపోవడం ఏ ఏజెంటుకైనా ఆలోచించవలసిన విషయమే.

సర్కారు కూడా ఆలోచించింది, తన తరహాలో. 1928లో లిల్లువా రైల్వే కార్ఖానాలో, దక్షిణాదిన సౌత్ ఇండియన్ రైల్వేలో వరసగా గొడవలు రేగాక, 1929లో ట్రేడ్ డిస్ప్యూట్స్ చట్టం తెచ్చింది. ఒక చేత్తో రాజీ బోర్డులు ఇచ్చి, ఇంకో చేత్తో రైల్వే లాంటి సేవల్లో పద్నాలుగు రోజుల ముందస్తు నోటీసు లేని సమ్మెను నేరం చేసింది. అదే ఏడాది విట్లీ నాయకత్వంలో రాయల్ లేబర్ కమిషన్ దిగింది. దాన్ని బహిష్కరించాలా, ముందుకెళ్ళి చెప్పుకోవాలా అన్న చోట నాగ్‌పూర్లో ఆల్ ఇండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఎ.ఐ.టి.యు.సి.) రెండుగా చీలింది. గిరి ఇంకో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషీతో కలిసి బయటికొచ్చారు. కుర్చీ దొరికిన చోటల్లా కూర్చోవాలి, కూర్చుని మాట్లాడాలి అన్నది ఆయన పట్టు. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికీ కార్మికుల తరపున అలాగే వెళ్ళారు.

ఇంకో సమ్మె, ఒక ఎన్నిక

1936 డిసెంబరులో బి.ఎన్.ఆర్. మళ్ళీ ఆగింది. మాంద్యం ఏళ్ళలో రైల్వేలన్నిటా సాగిన కోతల కసి లోపల రగులుతూనే ఉంది. ఈసారి దాదాపు నలభై వేలమంది, ఫిబ్రవరి రెండో వారం దాకా. కాలెండరు గమనించండి. 1937 ఫిబ్రవరి అంటే మద్రాసు శాసనసభ ఎన్నికల నెల. గిరి కాంగ్రెస్ అభ్యర్థి. ఎదుటి అభ్యర్థి బొబ్బిలి రాజా, జస్టిస్ పార్టీ ప్రభుత్వానికి అధిపతిగా మద్రాసును ఏలినవారు. స్థానం ఆయన సొంత బొబ్బిలి. బొబ్బిలి యుద్ధమంటే మనకు 1757 నాటిదే గుర్తొస్తుంది. బ్యాలెట్టుతో జరిగిన ఈ రెండోదీ తక్కువది కాదు. గిరి గెలిచారు.

ఆ గెలుపులో జమీందారీ మీద రైతు కోపం, కాంగ్రెస్ గాలి పెద్ద పాళ్ళు. ఇంకో పాయ కూడా ఉందని నాకనిపిస్తుంది. బొబ్బిలి బి.ఎన్.ఆర్. లైను మీది ఊరు. ఖరగ్‌పూర్ నుంచి వచ్చే మనియార్డరు ఆ చుట్టుపక్కల ఇళ్ళకు కొత్త కాదు. కొడుకు ఉత్తరంలో గిరి గారి పేరు చదివించుకున్న తండ్రికి, పోలింగు రోజున ఆ పేరు ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. ఆ జులైలో ఆయన రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు.

1944 అక్టోబరు 1న బి.ఎన్.ఆర్. నిర్వహణను సర్కారు తీసుకుంది. లండన్ బోర్డు పోయింది, ఏజెంటు పోయాడు. ఖలాసీ అర్జీ దారి కొంత పొట్టిదైంది. అయితే ఇప్పుడు యజమాని, చట్టం చేసేవాడు, పోలీసు, ఇంటి యజమాని అందరూ ఢిల్లీ సర్కారే. 1946లో రైల్వే కార్మికులు సమ్మె నోటీసు దాకా వెళ్ళారు. జస్టిస్ వరదాచారి అధ్యక్షతన మొదటి వేతన సంఘం వచ్చిందీ ఆ ఏడే. అప్పటి నుంచి మన దేశంలో సర్కారీ ఉద్యోగి జీతం బేరంలో తేలడం తక్కువ, పదేళ్ళకోసారి వచ్చే సంఘం నివేదికలో తేలడం ఎక్కువ. న్యూయార్క్‌కూ మనకూ ఉన్న పెద్ద తేడా ఇదే. వాళ్ళు కాంట్రాక్టు రాసుకుంటారు, మనవాళ్ళు సంఘానికి విజ్ఞాపన రాసుకుంటారు.

మిగతా విషయాలకు మాత్రం రైల్వేలో ఒక బల్ల ఏర్పడింది. దాని పేరు పర్మనెంట్ నెగోషియేటింగ్ మెషినరీ, వాడుకలో పి.ఎన్.ఎం. 1952 జనవరి నుంచి ఉంది. డివిజన్లో ఒక అంచె, జోన్లో జనరల్ మేనేజరు దగ్గర రెండో అంచె, రైల్వే బోర్డు దగ్గర మూడో అంచె. కింద తేలనిది పైకి పోతుంది. పైనా తేలకపోతే తాత్కాలిక ట్రిబ్యునల్. జస్టిస్ మియాభాయ్ ట్రిబ్యునల్ అలా వచ్చిందే. 1969లో వేశారు, పని గంటల సంగతి తేల్చి నివేదిక ఇచ్చేసరికి 1972. ఖరగ్‌పూర్‌లో ఈ బల్ల దగ్గర ఒక పక్క ఆల్ ఇండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్‌కు (ఎ.ఐ.ఆర్.ఎఫ్.) చెందిన మెన్స్ యూనియన్, ఇంకో పక్క నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ రైల్వేమెన్‌కు (ఎన్.ఎఫ్.ఐ.ఆర్.) చెందిన మెన్స్ కాంగ్రెస్ చాలాకాలం తెలుగు ఇళ్ళను రెండు జెండాలుగా పంచుకున్నాయి. అన్న ఒక జెండా, తమ్ముడు ఇంకో జెండా ఐన కుటుంబాలు ఆ ఊళ్ళో వింత కాదు.

గిరి 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక మహాసభలో తన మాట సూటిగా పెట్టారు. తగాదాలను నిర్బంధంగా ట్రిబ్యునళ్ళకు తోయడం మానాలి, ఇరువర్గాలూ కూర్చుని తేల్చుకోవాలి. దీన్నే తర్వాత ‘గిరి పద్ధతి’ అన్నారు. యజమానులకూ నచ్చలేదు, చాలా యూనియన్లకూ నచ్చలేదు. బలంలేని యూనియన్‌కు ట్రిబ్యునలే దిక్కు అని వాళ్ళ వాదన. అది కొట్టిపారేయదగ్గదేమీ కాదు. 1927లో ఖరగ్‌పూర్లో రాజీ చేసే మధ్యవర్తి ఒక్కడుంటే మూడు నెలల ఆకలి నెలలో తీరేదేమో. ఆ తాళాల ముందు నిలబడినాయన మాత్రం మధ్యవర్తిని కాకుండా ఎదుటివాణ్ణే నమ్ముకోమన్నారు. రెండేళ్ళకే, 1954లో, బ్యాంకు ఉద్యోగులకు అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును సొంత ప్రభుత్వమే కత్తిరించింది. ఆయన మంత్రి పదవి వదులుకున్నారు.

రైల్వే సమ్మెల చరిత్రలో పెద్దది 1974 మే 8న మొదలైంది. సమ్మె నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను మే 2నే లక్నోలో పట్టుకున్నారు. సుమారు పదిహేడు లక్షలమంది రైల్వే కార్మికుల సమ్మె అది. బోనసు కావాలి, ప్రభుత్వ రంగ సంస్థలతో సమానంగా జీతాలు కావాలి, రన్నింగ్ సిబ్బందికి ఎనిమిది గంటల పని కావాలి. వేలమందిని జైళ్ళకు పంపారు, వేలమందిని ఉద్యోగాల నుంచి తీసేశారు. దేశమంతటా రైల్వే కాలనీల్లో సమ్మెదారుల కుటుంబాలను క్వార్టర్ల నుంచి బయటికి గెంటారు. పనికీ ఇంటికీ ఒక్కడే యజమాని ఐతే ఏమవుతుందో 1927లో భయంగా ఉన్నది, 1974లో సామాను సహా వీధిలో కనబడింది. మే 27న సమ్మె విరమించారు.

ఆ ఇరవై రోజులూ రాష్ట్రపతి వి.వి. గిరి. సమ్మె మీద ప్రయోగించిన డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్‌కు ఊపిరి 1971 డిసెంబరు 3న ప్రకటించిన అత్యవసర పరిస్థితి. బంగ్లాదేశ్ యుద్ధం నాటి ఆ ప్రకటన మీద సంతకం ఆయనదే. యుద్ధం ముగిసి రెండేళ్ళు దాటినా అది ఎత్తేయలేదు. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా దాటి ఏం చేయగలడు అని ఆయన తరపున వాదించవచ్చు, వాదనలో న్యాయం కూడా ఉంది. కానీ బ్యాంకు గుమాస్తాల కోసం మంత్రి పదవి వదిలిన మనిషి నుంచి రైల్వే ఖలాసీలు ఏదో ఒక మాట ఆశించారంటే వాళ్ళను తప్పుపట్టలేం. ఆగస్టులో ఆయన పదవీకాలం ముగిసింది.

సమ్మె ఓడింది, కోరిక ఓడలేదు. 1979లో రైల్వే కార్మికులకు ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనసు వచ్చింది. ఇటీవలి ఏళ్ళలో అది 78 రోజుల జీతం. నెలకు 7,000 రూపాయల గరిష్ఠ పరిమితి మీద లెక్క కడతారు కాబట్టి చేతికొచ్చేది 17,951 రూపాయలకు మించదు. ఏటా దసరా ముందు ఖరగ్‌పూర్ గోల్‌బజార్లో బట్టల కొట్లు ఎదురుచూసేది ఆ మొత్తం కోసమే.

2024 డిసెంబరులో రైల్వేలో యూనియన్ల గుర్తింపుకు రహస్య బ్యాలెట్ మళ్ళీ జరిగింది. ఏజెంటు ఇష్టాన్ని బట్టి దొరికే కుర్చీ ఇప్పుడు ఓటుతో దొరుకుతోంది. ఓటు మాత్రం రైల్వే జీతపు పట్టీలో ఉన్నవాళ్ళకే. ప్లాట్‌ఫారం తుడిచేవాళ్ళు, పెట్టెలు కడిగేవాళ్ళు కాంట్రాక్టరు మనుషులు. చట్టం ప్రకారం కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ‘ప్రధాన యజమాని’గా రైల్వే చెల్లించాలి. అది చట్టంలో ఉంది. పి.ఎన్.ఎం. బల్ల దగ్గర వాళ్ళకు కుర్చీ లేదు. వాళ్ళలో చాలామంది నాలుగో తరం ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళే. తాతకున్న క్వార్టరు మనవడికి లేదు కాబట్టి రైల్వే స్థలంలో వేసుకున్న బస్తీ గుడిసెలో ఉంటాడు. ఆ గుడిసె ఖాళీ చేయమనే నోటీసు కూడా రైల్వే నుంచే వస్తుంది.

(వచ్చే భాగం: ఖరగ్‌పూర్ మాతా పూజలు, ఊరి అమ్మవార్లు బెంగాల్ చేరిన కథ)